రక్తపు చుక్కలో ఇంటి గుట్టు

సీడు పరీక్ష అందరికీ తెలుసు

మొగల్తూరు చుట్టుపక్కల రొయ్యల చెరువులు చాలా ఉన్నాయి. చెరువులో సీడు వదిలే ముందు రైతులు ఏం చేస్తారు? కొన్ని రొయ్య పిల్లల్ని లాబుకి పంపుతారు. పి.సి.ఆర్. పరీక్ష చేయిస్తారు. తెల్లమచ్చ వైరస్ లేదని కాగితం వచ్చాకే సీడు వదులుతారు. పరీక్ష లేకుండా వదిలితే చెరువంతా పోవచ్చు. అప్పులు మిగలవచ్చు.

2020లో కరోనా వచ్చింది. అప్పుడు ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్ష కూడా ఇలాంటిదే.

ఈ రెండు పరీక్షల్లోనూ వెతికేది వైరస్ జన్యువుని. జన్యువు అంటే ఏమిటి? ప్రతి జీవిలోనూ ఆ జీవి ఎలా తయారు కావాలో చెప్పే సమాచారం ఉంటుంది. అదే జన్యువు. వైరస్‌కీ ఉంటుంది. రొయ్యకీ ఉంటుంది. వరికీ ఉంటుంది. మనిషికీ ఉంటుంది.

ఇప్పుడు మనుషుల జన్యువులకు కూడా పరీక్షలు వచ్చాయి. వాటినే జన్యు పరీక్షలు అంటారు. వీటివల్ల మేలు ఉంది. జాగ్రత్తగా లేకపోతే కీడు కూడా ఉంది.

రొయ్య సీడు రిపోర్టు చెరువు గట్టు మీద నలుగురూ చూసినా పరవాలేదు. ఆడపిల్ల రిపోర్టు అలా కాదు. అది ఎవరు చూడాలి, ఎవరు చూడకూడదు అన్నది పెద్ద విషయం. అందుకే ఈ పరీక్షల గురించి ప్రతి స్త్రీ తెలుసుకోవాలి.

జన్యువు ఎక్కడ ఉంటుంది?

నరసాపురం లేసు ప్రపంచమంతా పేరు పొందింది. మొగల్తూరు వైపు కూడా ఎంతోమంది స్త్రీలు లేసు అల్లుతారు. దారం ఒకటే. అల్లికను బట్టి ఒకసారి పువ్వు వస్తుంది, ఒకసారి ఆకు వస్తుంది. ఒక ముడి తప్పితే పువ్వు ఆకారం మారిపోతుంది. ఒక్కోసారి ఆ తప్పు ఎవరికీ కనబడదు. ఒక్కోసారి ముక్కంతా పాడవుతుంది.

మన శరీరం కూడా అలాంటిదే. శరీరం చిన్న చిన్న కణాలతో తయారైంది. దాదాపు ప్రతి కణంలోనూ సన్నని దారం లాంటిది ఉంటుంది. దాని పేరు డి.ఎన్.ఏ. ఇది మామూలు కంటికి కనబడదు. ఈ దారం మీద వరుసగా జన్యువులు ఉంటాయి. కంటి రంగు, జుట్టు తీరు, రక్తం తయారయ్యే పద్ధతి, ఇలా ఎన్నో విషయాలు జన్యువుల మీద ఆధారపడతాయి.

ఈ దారంలో ఎక్కడైనా ఒక ముడి తప్పితే ఏమవుతుంది? చాలాసార్లు ఏమీ కాదు. కొన్నిసార్లు మాత్రం జబ్బు వస్తుంది.

ఒక చుక్క రక్తం చాలు. కాస్త ఉమ్మి చాలు. అందులోని డి.ఎన్.ఏ.ని లాబులో చదవవచ్చు.

సగం తల్లిది, సగం తండ్రిది

స్వర్ణ విత్తనం చల్లితే స్వర్ణే పండుతుంది. ఈ రకాన్ని తయారు చేసింది పశ్చిమ గోదావరి జిల్లాలోని మార్టేరు పరిశోధన కేంద్రం. విత్తనం గుణం పంటకు వస్తుందని రైతు కుటుంబాలకు చెప్పనక్కరలేదు.

మనుషుల్లో బిడ్డకు జన్యువులు ఇద్దరి దగ్గర నుంచి వస్తాయి. సగం తల్లి ఇస్తుంది. సగం తండ్రి ఇస్తాడు. అందుకే దాదాపు ప్రతి జన్యువూ బిడ్డలో జంటగా ఉంటుంది.

బిడ్డకు ఏదైనా లోపం ఉంటే ఊళ్లో వాళ్ళు తల్లిని అంటారు. "నీ కడుపున పుట్టబట్టే ఇలా అయింది" అంటారు. ఇది తప్పు మాట. చాలా జన్యు జబ్బుల్లో ఇద్దరి జన్యువులూ కలిస్తేనే జబ్బు వస్తుంది. అది ఎవరి తప్పూ కాదు. ఎవరూ కోరి ఇచ్చింది కాదు.

బిడ్డ ఆడా మగా అన్నది కూడా తండ్రి నుంచి వచ్చిన భాగమే తేలుస్తుంది. ఆడపిల్ల పుట్టిందని తల్లిని తిట్టడం అన్యాయమే కాదు, అజ్ఞానం కూడా.

జబ్బు లేదు, కానీ జన్యువు ఉంది

తలసీమియా అని ఒక జబ్బు ఉంది. ఇందులో బిడ్డ ఒంట్లో మంచి రక్తం తయారు కాదు. రెండు మూడు వారాలకో, నెలకో ఒకసారి రక్తం ఎక్కించాలి. జీవితాంతం ఎక్కించాలి. ఒంట్లో చేరే ఇనుమును తీసేయడానికి వేరే మందులు వాడాలి. ఆ బిడ్డకు బాధ. తల్లిదండ్రులకు తీరని ఖర్చు.

ఈ జబ్బు ఎలా వస్తుంది? తల్లిలో ఒక జన్యువు మంచిది, ఒకటి లోపం ఉన్నది అనుకుందాం. మంచిది పని చేస్తుంది కాబట్టి తల్లికి జబ్బు ఉండదు. తండ్రి కూడా అలాగే ఉన్నాడనుకుందాం. వీళ్ళని డాక్టర్లు క్యారియర్లు అంటారు. అంటే జబ్బు లేకుండా జన్యువును మాత్రం మోస్తున్నవాళ్ళు.

ఇద్దరి దగ్గరా రెండేసి చీట్లు ఉన్నట్టు అనుకోండి. ఒక చీటీ మంచిది, ఒకటి లోపం ఉన్నది. బిడ్డకు ఇద్దరి నుంచీ ఒక్కొక్క చీటీ వస్తుంది. అప్పుడు నాలుగు రకాలుగా జరగవచ్చు.

ఒకటి: రెండూ మంచి చీట్లే రావచ్చు. బిడ్డకు ఏమీ ఉండదు.

రెండు: తల్లి నుంచి లోపం, తండ్రి నుంచి మంచిది రావచ్చు. బిడ్డ క్యారియర్ అవుతుంది. జబ్బు ఉండదు.

మూడు: తండ్రి నుంచి లోపం, తల్లి నుంచి మంచిది రావచ్చు. అప్పుడు కూడా బిడ్డ క్యారియరే. జబ్బు ఉండదు.

నాలుగు: రెండూ లోపం ఉన్నవే రావచ్చు. అప్పుడే జబ్బు.

అంటే జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇది ప్రతి కాన్పుకూ విడిగా వేసుకోవలసిన లెక్క. "మొదటి బిడ్డకు వచ్చింది కదా, ఇంక మిగతా ముగ్గురికీ రాదు" అనుకోకూడదు. ప్రతి కాన్పుకూ చీట్లు కొత్తగా తీసినట్టే.

భార్యాభర్తల్లో ఒక్కరే క్యారియర్ అయితే? బిడ్డకు ఆ జబ్బు రాదు. ఈ ఒక్క మాట తెలియక ఎన్నో ఇళ్లలో భయపడతారు.

క్యారియర్ అవునా కాదా అని మామూలు రక్త పరీక్షతోనే చాలావరకు తెలుస్తుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఏ రకమో చూస్తారు. అనుమానం ఉంటే డి.ఎన్.ఏ. పరీక్ష చేస్తారు. ఐరన్ మాత్రలు సరిగ్గా వాడినా రక్తం పెరగని స్త్రీలు ఈ పరీక్ష గురించి డాక్టరును అడగాలి.

సైప్రస్ అనే చిన్న దేశంలో ఒకప్పుడు తలసీమియా చాలా ఎక్కువ. అక్కడ 1970ల నుంచి పెళ్లికి ముందు రక్త పరీక్షలు మొదలుపెట్టారు. జనానికి విషయం వివరించి చెప్పారు. ఆ జబ్బుతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు.

మేనరికం సంగతి

మేనమామకో, మేనబావకో పిల్లను ఇవ్వడం గోదావరి జిల్లాల్లోనూ పాత అలవాటే. ఆస్తి చేజారదని, పిల్ల కళ్ల ముందే ఉంటుందని ఇస్తారు.

దగ్గర చుట్టాలు అంటే ఒకే తాత, ఒకే అమ్మమ్మ. తాతలో లోపం ఉన్న జన్యువు ఒకటి ఉంటే, అదే జన్యువు ఇద్దరికీ వచ్చి ఉండవచ్చు. అప్పుడు ఇద్దరి చీట్లూ కలిసే అవకాశం పెరుగుతుంది.

మామూలు జంటలకు 100 మంది పిల్లలు పుడితే ఇద్దరు ముగ్గురిలో ఏదో ఒక పుట్టు లోపం ఉంటుంది. మేనరికంలో ఇది సుమారు రెండింతలు అవుతుంది. అంటే మేనరికం చేసుకున్నవాళ్ళలో కూడా ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. అయినా ప్రమాదం పెరిగిన మాట నిజం. ఇప్పటికే మేనరికం అయిపోయినవాళ్ళు భయపడనక్కరలేదు. గర్భం రాకముందే డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి. ఇంట్లో ఎవరికైనా పుట్టు లోపాలు ఉంటే అవీ చెప్పాలి.

పరీక్షల వల్ల ఇంకా ఏం మేలు?

సికిల్ సెల్ జబ్బు గిరిజన ప్రాంతాల్లో ఎక్కువ. రంపచోడవరం, పాడేరు ఏజెన్సీల్లో ఈ జబ్బు ఉంది. రక్తంలోని గుండ్రటి కణాలు కొడవలి ఆకారంలోకి మారిపోతాయి. ఒళ్లు నొప్పులు, రక్తహీనత వస్తాయి. 2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం ఈ జబ్బు మీద జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 40 ఏళ్ల లోపు వాళ్ళు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని లెక్క. 2047 నాటికి జబ్బును లేకుండా చేయాలని గడువు పెట్టుకున్నారు.

కొన్ని రకాల రొమ్ము క్యాన్సరు, అండాశయం క్యాన్సరు ఒకే కుటుంబంలో వస్తుంటాయి. తల్లికి, పిన్నికి, అక్కకి వరుసగా వచ్చిందంటే డాక్టర్లు జన్యు పరీక్ష చేయించమనవచ్చు. జన్యువులో లోపం ఉంటే ముందు నుంచీ జాగ్రత్త పడవచ్చు. అందరికీ ఈ పరీక్ష అవసరం లేదు.

జన్యు పరీక్ష చనిపోయినవాళ్ళ ఆనవాలు కూడా చెబుతుంది. 2013 అక్టోబరులో మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర ఒక బస్సు తగలబడింది. 45 మంది చనిపోయారు. ఎవరు ఎవరో గుర్తు పట్టలేకపోయారు. అప్పుడు బంధువుల రక్తంతో డి.ఎన్.ఏ. పోల్చి చూసి ఎవరి వాళ్ళను వాళ్ళకు అప్పగించారు. ఆఖరి చూపుకు, అంత్యక్రియలకు ఈ పరీక్షే దారి చూపింది.

ఈ విద్యకు హైదరాబాదు పెట్టింది పేరు. అక్కడి సి.సి.ఎం.బి.లో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ 1980ల చివర్లో మన దేశంలోనే డి.ఎన్.ఏ. ఆనవాలు పట్టే పద్ధతిని తయారు చేశారు. తరవాత దీనికోసమే సి.డి.ఎఫ్.డి. అనే సంస్థ ఏర్పడింది. జన్యు జబ్బుల గురించి సలహా చెప్పే విభాగం హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రిలో ఉంది.

గుట్టు ఒక్కరిది కాదు

మామూలు రక్త పరీక్ష ఆ మనిషి గురించే చెబుతుంది. జన్యు పరీక్ష అలా కాదు. అక్కకు లోపం ఉందని తేలితే చెల్లికీ ఉండవచ్చని అర్థం. తల్లికి ఉంటే కూతురికీ ఉండవచ్చు. ఒక్కరు పరీక్ష చేయించుకుంటే ఇంటిల్లిపాది గుట్టూ అందులో ఉంటుంది. ఒక్కోసారి కులం గుట్టు కూడా ఉంటుంది.

దీనికి ఒక ఉదాహరణ వైశ్యులు. ఆపరేషను ముందు ఒళ్లు వదులు చేయడానికి ఒక రకం మందు ఇస్తారు. మామూలుగా దాని ప్రభావం కొద్ది నిమిషాల్లో పోతుంది. కొందరిలో మాత్రం గంటల తరబడి పోదు. అంతసేపూ ఊపిరి మిషన్ మీద ఉంచాలి. వైశ్య కులంలో ఇలాంటివాళ్ళు మిగతా వాళ్ళకన్నా ఎక్కువ అని మత్తు డాక్టర్లు గమనించారు. తరవాత శాస్త్రవేత్తలు దానికి కారణమైన జన్యువు మార్పును పట్టుకున్నారు. తరతరాలుగా లోపల్లోపలే పెళ్లిళ్లు జరగడం వల్ల ఆ మార్పు కులంలో నిలిచిపోయింది.

ఈ సంగతి తెలియడం వల్ల ప్రాణాలు దక్కుతాయి. మత్తు డాక్టరుకు ముందే చెబితే వేరే మందు వాడతాడు. లేదా ఊపిరి మిషన్ సిద్ధంగా పెట్టుకుంటాడు. కానీ దీన్ని పట్టుకుని ఆ కులమంతా జబ్బు మనుషులని అనవచ్చా? అనకూడదు. ఆ కులంలో ఎక్కువమందికి ఈ సమస్య లేదు. ఉన్నవాళ్ళకు కూడా రోజువారీ జీవితంలో ఏ ఇబ్బందీ ఉండదు.

ఇలాంటిది ఏదో ఒక కులానికే పరిమితం కూడా కాదు. 2017లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు పాల్గొన్నారు. లోపల్లోపలే పెళ్లిళ్ల వల్ల కొన్ని జన్యు మార్పులు నిలిచిపోయిన కులాలు, తెగలు మన దేశంలో చాలా ఉన్నాయని అందులో తేలింది. ఒకరిని చూసి ఒకరు నవ్వే పని లేదు.

గుట్టు బయటపడితే కష్టం ఎవరికి?

పెళ్లి కావలసిన పిల్ల క్యారియర్ అని ఊళ్లో తెలిసిందనుకోండి. ఆ పిల్లకు జబ్బు లేదు. అయినా సంబంధాలు తప్పిపోతాయి. "వాళ్ళ రక్తంలో ఏదో ఉందట" అని చెవులు కొరుక్కుంటారు. చెల్లెళ్ల పెళ్లిళ్లకు కూడా అడ్డం వస్తుంది. మగపిల్లాడు క్యారియర్ అయితే ఆ మాట అంతగా బయటికి రాదు. నష్టం ఎక్కువగా ఆడపిల్లకే.

అలాగని పరీక్షే వద్దనుకోవడం సరి కాదు. పరీక్ష ఇద్దరూ చేయించుకోవాలి. ఫలితం ఆ ఇద్దరికీ, వాళ్ళు కావాలనుకున్నవాళ్ళకే తెలియాలి. శిబిరంలో పేరు పెట్టి గట్టిగా చదవడం, గోడకు జాబితా అంటించడం తప్పు. అలా చేస్తే స్త్రీలు నిలదీయవచ్చు.

అనుమానపు పరీక్ష ఇంకొకటి ఉంది. కొందరు భర్తలు "ఈ బిడ్డ నాకు పుట్టలేదు, డి.ఎన్.ఏ. పరీక్ష చేయించు" అని బెదిరిస్తారు. భర్త అడిగినంత మాత్రాన కోర్టులు ఈ పరీక్షకు ఒప్పుకోవు. సుప్రీంకోర్టు 1993లోనే ఈ మాట చెప్పింది. 2023 ఫిబ్రవరిలో మళ్లీ చెప్పింది. పెద్దవాళ్ళ తగాదాలో బిడ్డ జన్యు సమాచారాన్ని ఊరికే బయటపెట్టకూడదంది. తన పుట్టుక గుట్టు కాపాడుకునే హక్కు బిడ్డకు కూడా ఉందని ఆ తీర్పు అర్థం.

కడుపులో బిడ్డ ఆడా మగా అని చూడటం నేరం. దీనికి 1994లోనే చట్టం వచ్చింది. స్కానింగుతో చూసినా నేరమే. తల్లి రక్తంతో చేసే కొత్త జన్యు పరీక్షతో చూసినా నేరమే. మొదటిసారి తప్పు చేసినవాళ్ళకు మూడేళ్ల వరకు జైలు, పది వేల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. గర్భవతిని భర్త, అత్తవారు ఒత్తిడి చేసి ఉంటారనే కోర్టు ముందుగా అనుకుంటుంది.

కడుపులో బిడ్డకు పెద్ద జబ్బు ఉందా అని చూడటం వేరు. దానికి చట్టం ఒప్పుకుంటుంది. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే మూడో నెలలోనే ఆ పరీక్ష చేయవచ్చు. ఫలితం వచ్చాక ఏం చేయాలన్నది డాక్టరు సలహాతో ఆ స్త్రీ తేల్చుకోవాలి. ఆమె ఒప్పుకోకుండా ఎవరూ గర్భం తీయించకూడదు.

బీమా విషయం కూడా తెలుసుకోవాలి. జన్యు జబ్బు అన్న కారణంతో బీమా డబ్బు ఇవ్వకుండా తిప్పి పంపవద్దని 2018లో బీమా నియంత్రణ సంస్థ కంపెనీలకు చెప్పింది. అమెరికాలో 2008లోనే ఒక చట్టం చేశారు. జన్యువు చూసి ఉద్యోగం నుంచి తీసేయకూడదని, ఆరోగ్య బీమా కాదనకూడదని ఆ చట్టం చెబుతుంది. మన దేశంలో జన్యు సమాచారం కోసమే విడిగా ఇలాంటి చట్టం లేదు. కాబట్టి జాగ్రత్త మన చేతిలోనే ఎక్కువగా ఉంది.

సంతకం విలువ

అమెరికాలో హవాసుపాయి అనే గిరిజన తెగ ఉంది. వాళ్ళలో చక్కెర జబ్బు చాలా ఎక్కువ. 1990 నుంచి ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు వచ్చి రక్తం తీసుకున్నారు. చక్కెర జబ్బు కోసమే అనుకుని గిరిజనులు రక్తం ఇచ్చారు. తరవాత అదే రక్తంతో వేరే పరిశోధనలు కూడా చేశారు. పిచ్చి జబ్బు మీద చేశారు. ఆ తెగ ఎక్కడి నుంచి వచ్చిందో అని కూడా చేశారు. ఇది తెలిసి ఆ తెగ వాళ్ళు కోర్టుకు వెళ్లారు. 2010లో రాజీ కుదిరింది. ఏడు లక్షల డాలర్లు ఇచ్చారు. మిగిలిన రక్తాన్ని కూడా వెనక్కి ఇచ్చారు. ఆ రక్తాన్ని వాళ్ళు తమ ఊరికి తెచ్చుకున్నారు.

తెలుగు నేల మీద కూడా ఇలాంటి పాఠం ఒకటి ఉంది. అది జన్యు పరీక్ష కాదు, టీకా సంగతి. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు ఒక క్యాన్సరు టీకా వేశారు. అది ఒక పరిశీలన కోసం చేసిన కార్యక్రమం. హాస్టళ్లలో ఉన్న చాలామంది గిరిజన పిల్లల ఒప్పుకోలు కాగితాల మీద తల్లిదండ్రులు సంతకం చేయలేదు. వార్డెన్లు చేశారు. గొడవ జరిగాక 2010లో ఆ కార్యక్రమం ఆపేశారు. 2013లో పార్లమెంటు కమిటీ దీన్ని గట్టిగా తప్పుబట్టింది.

రెండు చోట్లా జరిగిన తప్పు ఒకటే. అడగవలసినవాళ్ళను సరిగ్గా అడగలేదు. తప్పు అక్కడ ఉంది.

వేలిముద్ర వేసే రోజుల్లో "ఇక్కడ వెయ్యమ్మా" అంటే వేసేవాళ్ళు. ఇప్పుడు చదువు వచ్చింది. సంతకానికి ముందు కాగితం చదవవచ్చు. చదవడం ఆలస్యమైతే కానివ్వండి. అర్థం కాకపోతే మళ్లీ చెప్పమనండి. గర్భవతికి చేసే జన్యు పరీక్షల విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. ఆమెకు అర్థమయ్యే భాషలో వివరించాలి. ఆమె రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆ కాగితం నకలు ఆమెకు ఇవ్వాలి. కాబట్టి తెలుగు కాగితం అడగడం గొంతెమ్మ కోరిక కాదు. అది హక్కు.

కంప్యూటరులోకి వెళ్లిన రక్తం

లాబులో రక్తం పారేయవచ్చు. కానీ అందులో చదివిన సమాచారం కంప్యూటరులో ఉండిపోతుంది. అమెరికాలో ట్వంటీ త్రీ అండ్ మీ అనే కంపెనీ ఉమ్మి తీసుకుని జన్యు పరీక్షలు చేసేది. 2023లో దొంగలు అందులోని ఖాతాల్లోకి దూరారు. సుమారు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా తీసింది. జనం తమ వివరాలు తీసేయమని ఎగబడ్డారు.

బ్యాంకు కార్డు పోతే కొత్త కార్డు తెచ్చుకోవచ్చు. ఫోను నంబరు మార్చుకోవచ్చు. జన్యువును మార్చుకోలేము. అది పిల్లలకూ, మనవలకూ వెళ్లే విషయం. అందుకే దాన్ని ఎవరి చేతిలో పెడుతున్నామో చూసుకోవాలి.

మన దేశంలో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు ఒక పెద్ద తీర్పు ఇచ్చింది. తొమ్మిది మంది న్యాయమూర్తులు కలిసి ఒకే మాట చెప్పారు. తన సొంత విషయాలను గుట్టుగా ఉంచుకోవడం ప్రతి మనిషికీ ప్రాథమిక హక్కు అన్నారు. 2023లో పార్లమెంటు ఇంకో చట్టం చేసింది. కంప్యూటర్లలో ఉన్న మనుషుల వివరాలను ఎలా కాపాడాలో అందులో ఉంది. వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి, ఒప్పుకోలు తీసుకోవాలి అని ఆ చట్టం చెబుతుంది.

రక్తం ఇచ్చే ముందు అడగండి

ఆశా కార్యకర్త పిలిచినా, శిబిరం వాళ్ళు పిలిచినా, డాక్టరు రాసినా ఈ ప్రశ్నలు అడగవచ్చు.

1. ఈ పరీక్ష ఏ జబ్బు కోసం?

2. జబ్బు ఉందని తేలితే వైద్యం ఉందా? నేను చేయవలసింది ఏమిటి?

3. నాతో పాటు నా భర్తకు కూడా పరీక్ష చేస్తారా?

4. ఫలితం ఎవరికి చెబుతారు? నాకు విడిగా చెబుతారా?

5. నా పేరు, నా వివరాలు ఎక్కడ ఉంచుతారు?

6. నా రక్తాన్ని ఇంకో పనికి వాడతారా? వాడితే మళ్లీ నన్ను అడుగుతారా?

7. ఖర్చు ఎంత?

8. వద్దంటే మిగతా వైద్యం మామూలుగా చేస్తారా?

జవాబు చెప్పేవాళ్ళు మంచివాళ్ళు. విసుక్కునేవాళ్ళ దగ్గర తొందరపడి సంతకం చేయకండి. ఇంటికి వెళ్లి ఆలోచించుకుని వస్తామని చెప్పవచ్చు. వెంట చదువుకున్న మనిషిని తీసుకు వెళ్లవచ్చు.

ఫలితం వచ్చాక కాగితం ఇంట్లో జాగ్రత్తగా దాచుకోవాలి. ఫోనులో ఫోటో తీసి నలుగురికీ పంపకూడదు. ఇంకొకరి ఫలితం తెలిస్తే ఆ మాట పక్కింట్లో చెప్పకూడదు. సంఘం మీటింగులో కూడా ఎత్తకూడదు. అదే సమయంలో అక్కచెల్లెళ్లకు పనికివచ్చే విషయం అయితే వాళ్ళకు నెమ్మదిగా చెప్పాలి. వాళ్ళు కూడా పరీక్ష చేయించుకుని జాగ్రత్త పడవచ్చు. ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు అన్నది పరీక్ష చేయించుకున్న మనిషే నిర్ణయించుకోవాలి.

గుర్తు పెట్టుకోండి

జన్యువులు సగం తల్లివి, సగం తండ్రివి. లోపం ఎవరి తప్పూ కాదు.

క్యారియర్ అంటే రోగి కాదు.

ఒక్కరే క్యారియర్ అయితే బిడ్డకు తలసీమియా రాదు.

కడుపులో బిడ్డ ఆడా మగా అని చూడటం నేరం.

పరీక్షకు ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మీ ఇష్టం.

చదివి, అర్థం చేసుకుని, ఆ తరవాతే సంతకం చేయండి.

కలిసి మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో మేనరికాలు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా? ఎందుకు?

2. పెళ్లికి ముందు జాతకాలు చూస్తారు. ఇద్దరి రక్త పరీక్ష కూడా చూస్తే మంచిదా? చూస్తే ఆ ఫలితం ఎవరి దగ్గర ఉండాలి?

3. "వాళ్ళ పిల్ల రక్తంలో ఏదో ఉందట" అని ఎవరైనా అంటే మీరు ఏం జవాబు చెబుతారు?

4. మీరు ఎప్పుడైనా చదవకుండా సంతకం చేసిన కాగితం ఉందా? ఇప్పుడు అలాంటి కాగితం వస్తే ఏం అడుగుతారు?